ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తయ్యేసరికి అసలు ఏం చేతికి రావాలి?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. మీరు సెకండియర్‌లో ఉన్నారు. మ్యాథ్స్, మెకానిక్స్, థర్మోడైనమిక్స్ పేపర్లు వరసగా రాస్తున్నారు గానీ రేపు ఉద్యోగంలో వీటితో పనేమిటో బోధపడటం లేదు. సీనియర్లేమో "కంపెనీలో చేరితే ఆర్నెల్లలో వాళ్లే అన్నీ నేర్పుతారు, ఇప్పుడు నాలుగు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు నేర్చుకో చాలు" అంటున్నారు. అలాంటప్పుడు ఇన్నేళ్ల చదువు దేనికి, ఏ నైపుణ్యాలు వస్తే చదివినదానికి ఫలితం దక్కినట్టు, ఫైనలియర్ ప్రాజెక్టుకి ఎలాంటిది తీసుకోవాలి అని అడిగారు. నేను మొదట డిజైన్ ఆఫీసులో లెక్కలు చేశాను, తర్వాత ఇతరులు చేసిన లెక్కలు చెక్ చేశాను, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. ఆ అనుభవంతోనే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ సీనియర్లు చెప్పినదాంట్లో నిజం ఉంది. ఫలానా ప్యాకేజీలో మోడల్ ఎలా కట్టాలి, డ్రాయింగులకి నంబర్లు ఎలా వేస్తారు, ఏ కాగితం ఎవరి సంతకానికి వెళ్లాలి, ఇవన్నీ కంపెనీయే నేర్పుతుంది. నేర్పాల్సింది కూడా వాళ్లే. అయితే వచ్చిన సమాధానాన్ని నమ్మొచ్చో లేదో తేల్చుకునే శక్తి ఆర్నెల్ల శిక్షణలో రాదు. ఇంజనీరింగ్ చదువుకి ఒక్కటే లక్ష్యం చెప్పమంటే నేను దాన్నే చెబుతాను. ఇంకా కట్టని వంతెన గురించో, ఇంకా తిరగని యంత్రం గురించో మనం ఒక అంకె చెబుతాం. ఆ అంకె ఏ షరతుల మీద నిలబడుతుందో, ఎక్కడ కూలిపోతుందో తెలుసుకుని దాని కింద సంతకం పెడతాం. మిగతా నైపుణ్యాలన్నీ ఈ పనికి కావలసిన సరంజామా.

మాటల్లో చెబితే ఇది గాల్లో మాటలా ఉంటుంది కాబట్టి, అందరికీ తెలిసిన ఒక సంఘటన అంకెలతో సహా చూద్దాం. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ బయల్దేరింది. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ఫ్యూయల్ గేజ్‌లు పనిచేయడం లేదు కాబట్టి ట్యాంకుల్లో కొలకర్ర పెట్టి చూశారు. 7,682 లీటర్లు ఉంది. లీటర్లను కిలోల్లోకి మార్చడానికి 1.77తో గుణించారు, 13,597 వచ్చింది. ఇంకా 8,703 కావాలి. దాన్ని మళ్లీ 1.77తో భాగిస్తే 4,917 లీటర్లు. అంతే నింపారు.

గుణకారంలో, తీసివేతలో ఎక్కడా తప్పు లేదు. తప్పంతా 1.77 దగ్గరే ఉంది. అది లీటరు ఇంధనం పౌండ్లలో ఎంత తూగుతుందో చెప్పే అంకె. కిలోల్లో అయితే 0.803 వాడాలి. ఆ లెక్కన నింపాల్సింది 20,000 లీటర్ల పైచిలుకు. విమానం 41,000 అడుగుల ఎత్తులో ఉండగా హెచ్చరికలు మొదలయ్యాయి, కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గ్లైడర్‌లా నడుపుకుంటూ గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరం రన్‌వే మీద దించారు. విమానంలో ఉన్న 69 మందీ బతికారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. విమాన ఇంధనం కిరోసిన్ జాతిది, నీళ్ల మీద తేలుతుంది. అంటే లీటరు ఇంధనం కిలో కన్నా తక్కువే తూగాలి. అలాంటప్పుడు 1.77 కిలోలు ఎలా అవుతుంది? హైస్కూలు సైన్సు చాలు ఈ ప్రశ్న వేయడానికి. ఆ సిబ్బంది తెలివితక్కువవాళ్లని నేను అనడం లేదు. ఆ సంస్థ అప్పుడే మెట్రిక్ కొలతల్లోకి మారుతోంది, ఆ లెక్క చేయాల్సింది ఎవరన్నదీ స్పష్టంగా లేదు. తెలిసిన సంగతి అవసరమైన క్షణంలో గుర్తుకు రావడం అన్నది అభ్యాసం వల్లే వస్తుంది. ఆ అభ్యాసం చేయడానికే కాలేజీ ఉంది.

ల్యాబ్‌లో నాకు తరచూ ఎదురయ్యేది కూడా ఇదే. సెంట్రిఫ్యూగల్ పంపు ప్రయోగం చేసి "ఎఫిషియెన్సీ 112.3746 శాతం" అని నీట్‌గా రాసి, కింద గీత గీసి తెస్తారు. ఎక్కడో మీటరు రీడింగుకి వేయాల్సిన గుణకం వేయలేదు, అంతే. అది పెద్ద విషయం కాదు. కానీ ఇచ్చినదానికన్నా ఎక్కువ శక్తి తిరిగిస్తున్న పంపు తమ చేతిలో ఉందని గమనించకుండా నాలుగు దశాంశ స్థానాలు రాయడం పెద్ద విషయం. శక్తి నిత్యత్వ నియమం నిర్వచించమంటే అదే విద్యార్థి పొల్లు పోకుండా రాస్తాడు. ఆ నియమం పరీక్ష పేపర్లోనే ఉండిపోయింది, పంపు దగ్గరికి రాలేదు. స్టాప్‌వాచ్‌తో, స్కేలుతో తీసిన రీడింగుల్లోంచి నాలుగు దశాంశాల నమ్మకం రాదని తెలియడం కూడా చదువులో భాగమే.

ఇక మ్యాథ్స్, థియరీ దేనికంటారా? దేన్ని మారిస్తే ఏమవుతుందో కట్టకముందే తెలియడానికి. ఒక దూలం ఎక్కువ వంగుతోంది అనుకోండి. వెడల్పు రెట్టింపు చేస్తే దృఢత్వం రెండు రెట్లే పెరుగుతుంది, అదే లోతు (దూలం నిలువు ఎత్తు) రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు పెరుగుతుంది. సన్నటి స్తంభం పొడవు రెట్టింపైతే, అది పక్కకి వంగి లొంగిపోయే బరువు నాలుగో వంతుకి పడిపోతుంది. ఈ రెండు వాక్యాలు తెలిసినవాడు, తెలియనివాడు ఒకే డ్రాయింగ్ చూస్తే కనిపించేది వేరువేరు. సూత్రం పుస్తకంలో దొరుకుతుంది. ఏ అంచనాల మీద ఆ సూత్రం పుట్టిందో మాత్రం డెరివేషన్ చేస్తేనే, అంటే సూత్రాన్ని మెట్టు మెట్టుగా రాబడితేనే ఒంటబడుతుంది. డెరివేషన్లు కంఠస్థం చేయమని నేనెవరికీ చెప్పను. ఒక్కో మెట్టు దగ్గర "ఇక్కడ ఏం వదిలేశారు?" అని మార్జిన్లో రాసుకోమంటాను. రాపిడి వదిలేశారా, దూలం కొంచెమే వంగుతుందనుకున్నారా, పదార్థం అన్ని దిక్కులా ఒకేలా ఉందనుకున్నారా? సూత్రం పనికిరాని చోటు ఏదో ఆ జాబితా చెబుతుంది.

ఇప్పుడు నేను ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద గీసి చూపించే కేసు చెబుతాను. ఇంజనీరింగ్ చదువు దేనికన్న ప్రశ్నకి ఇంతకన్నా గట్టి జవాబు నా దగ్గర లేదు.

అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్. లాబీ మీదుగా గాల్లో వేలాడే నడవాలు కట్టారు. నాలుగో అంతస్తు నడవాకి సరిగ్గా కింద రెండో అంతస్తు నడవా ఉంటుంది. మొదటి డిజైన్లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి ఉక్కు రాడ్ దిగుతుంది. అది నాలుగో అంతస్తు దూలంలోంచి దూరి, రెండో అంతస్తు దూలం వరకు వెళుతుంది. ఒక్కో దూలం కింద ఒక నట్టు, ఆ దూలాన్ని మోయడానికి. కానీ ఇలా చేయాలంటే రాడ్‌కి చాలా పొడవున మరలు కోయాలి, నట్టుని అంత దూరమూ తిప్పుకుంటూ పోవాలి. అందుకని తయారీ దశలో ఒక మార్పు చేశారు. ఒక రాడ్ బదులు రెండు. మొదటిది పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దూలం దాకా. రెండోది అదే దూలానికి కొంచెం పక్కగా తగిలించి అక్కడి నుంచి కిందికి. చూసేవాళ్లకి రెండూ ఒకటే.

కాగితం తీసుకుని మీరే గీయండి. ఒక్కో నడవా నుంచి ఆ చోటికి వచ్చే బరువు "పి" అనుకుందాం. మొదటి పద్ధతిలో కింది నడవా బరువు నేరుగా రాడ్‌లోకి పోతుంది, నాలుగో అంతస్తు నట్టుకి దాంతో సంబంధం లేదు. ఆ నట్టు మీద పడేది తన నడవా బరువు, అంటే ఒక "పి" మాత్రమే. రెండో పద్ధతిలో కింది నడవా నాలుగో అంతస్తు దూలానికే వేలాడుతోంది. కాబట్టి అదే నట్టు ఇప్పుడు రెండు "పి"లు మోయాలి. పైకప్పు దగ్గర రాడ్‌లో చూస్తే మాత్రం రెండు పద్ధతుల్లోనూ రెండు "పి"లే. రాడ్ ఒక్కదాన్నే లెక్క చూసినవాళ్లకి ఏ తేడా కనిపించదు. దూలాన్ని విడిగా గీసి, దాని మీద పనిచేసే బలాలన్నీ బాణాలుగా పెడితేనే కనిపిస్తుంది. ఫస్టియర్ మెకానిక్స్‌లో మీకు విసుగు పుట్టేదాకా చేయించే ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటే ఇదే.

1981 జులై 17 సాయంత్రం లాబీ నిండా జనం ఉండగా, నాలుగో అంతస్తు దూలమూ రాడ్లూ కలిసే ఆ జాయింటు చీలిపోయింది. నట్టు దూలాన్ని చీల్చుకుని పైకి వచ్చేసింది, రెండు నడవాలూ ఒకదాని మీద ఒకటి జనం మీద పడ్డాయి. 114 మంది చనిపోయారు, రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. దర్యాప్తులో ఇంకో సంగతి తేలింది. అసలు డిజైనే అక్కడి నిర్మాణ నిబంధనలు కోరిన బలంలో సుమారు 60 శాతం దగ్గర ఉంది. మార్పు తర్వాత అందులోనూ సగమే మిగిలింది. మార్పు చూపించిన డ్రాయింగుల మీద ఇంజనీరింగ్ సంస్థ ఆమోద ముద్ర ఉంది. ఆ జాయింటు లెక్క మాత్రం ఎవరూ చేయలేదు. తయారుచేసేవాళ్లు చూసుకుంటారని డిజైన్ చేసినవాళ్లు, డిజైన్ చేసినవాళ్లు చూసే ఉంటారని తయారుచేసేవాళ్లు అనుకున్నారు. బాధ్యులైన ఇంజనీర్లు లైసెన్సులు పోగొట్టుకున్నారు.

"కమ్యూనికేషన్ స్కిల్స్", "టీమ్‌వర్క్", "ప్రొఫెషనల్ ఎథిక్స్" అని సిలబస్‌లో వేరువేరు పేపర్లుగా కనిపించేవి ఈ ఒక్క జాయింటులో ఎలా కలిసిపోయాయో చూడండి. ఇంజనీరుకి కమ్యూనికేషన్ అంటే స్టేజీ మీద అనర్గళంగా మాట్లాడటం అని చాలామంది అనుకుంటారు. మా ఆఫీసులో దాని అర్థం వేరు. డ్రాయింగ్ చూసినవాడికి రెండు అర్థాలు రాకూడదు. లెక్కల కాగితం మీద ఏ కోడ్ (నిర్మాణ నిబంధనలు), ఏ లోడ్, ఏ అంచనా అన్నది మొదటి పేజీలోనే ఉండాలి. మార్పు అడిగినవాళ్లకి "సరే" అనే ముందు ఆ మార్పు వల్ల ఏ లెక్కలు మళ్లీ చేయాలో రాసి పంపాలి. "ఇది ఎవరు చెక్ చేశారు?" అని సీనియర్ల ముందు కూడా అడగగలగాలి, జవాబు రాకపోతే సంతకం ఆపగలగాలి. ఎథిక్స్ పేపర్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాళ్లకి కూడా ఈ చివరి పని కష్టంగానే ఉంటుంది. ల్యాబ్‌లో జట్టుగా పనిచేసేటప్పుడే దీన్ని అలవాటు చేసుకోండి. మీ జట్టులో ఒకరు తీసిన రీడింగుని ఇంకొకరు మళ్లీ తీయాలన్న నియమం పెట్టుకున్నా చాలు, మొదలు పడుతుంది.

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల సంగతికి వస్తే, నేర్చుకోండి, తప్పకుండా నేర్చుకోండి. వాటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే 1991 ఆగస్టు 23న నార్వేలో ఏం జరిగిందో కూడా తెలుసుకోండి. స్లైప్నర్-ఎ అనే చమురు వేదికకి కట్టిన భారీ కాంక్రీటు పునాది, నీటిలో దించి పరీక్షిస్తుండగానే పగిలి మునిగిపోయింది. నిర్మాణాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి కంప్యూటర్లో లెక్కవేసే ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణలో, కొన్ని గోడల దగ్గర మెష్ (ఆ గడుల అల్లిక) సరిగా వేయకపోవడంతో, షియర్ స్ట్రెస్ (కోత ఒత్తిడి) అసలుకన్నా 47 శాతం తక్కువగా లెక్కకొచ్చింది. దాన్ని నమ్మి గోడలు పలుచగా కట్టారు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్కవేస్తే 62 మీటర్ల లోతు దగ్గర విఫలం కావాలని వచ్చింది. నిజంగా విఫలమైంది 65 మీటర్ల దగ్గర. అంటే ఆ సాధనం మంచిదే, సరిగ్గా వాడితే అంత దగ్గరగా చెప్పగలిగింది.

అందుకే మా దగ్గర చేరిన కొత్తవాళ్లకి ఎప్పుడూ ఒకటే చెప్పేవాణ్ణి. రంగురంగుల స్ట్రెస్ బొమ్మ తెచ్చే ముందు మూడు పనులు చేయండి. ఆధారాల దగ్గర వచ్చిన రియాక్షన్లు (ఎదురు బలాలు) కూడితే మీరు పెట్టిన మొత్తం బరువు వస్తోందా? మెష్ గడుల సైజు సగానికి తగ్గించి మళ్లీ నడిపితే స్ట్రెస్ దాదాపు అంతే ఉందా? చేత్తో చేసిన మోటు లెక్కకీ దీనికీ ఎంత తేడా, ఎందుకు? అడగ్గానే ప్రోగ్రామూ రిపోర్టూ రాసిచ్చే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు అందరి చేతిలోకీ వచ్చాయి. వాటికీ ఇవే ప్రశ్నలు. సమాధానం చౌకగా దొరికేకొద్దీ, దాన్ని పరీక్షించగలిగేవాళ్ల విలువ పెరుగుతుంది.

థియరీ ఎక్కువా, ప్రాక్టికల్ ఎక్కువా అన్న తగువు మీ క్లాసులో పుట్టింది కాదు. పారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్‌ని స్థాపించింది 1794లో. ముందు గట్టి గణితం, ఆ తర్వాతే వృత్తి విద్య అన్నది దాని దారి. బ్రిటన్‌లో చాలాకాలం వర్క్‌షాపులో శిష్యరికమే ఇంజనీరుని తయారుచేసింది. అమెరికాలో ఇంజనీరింగ్ చదువు మీద వచ్చిన 1955 నాటి గ్రింటర్ నివేదిక సైన్సు వైపు మొగ్గింది. 2000 ప్రాంతంలో ఎంఐటి, మూడు స్వీడన్ విశ్వవిద్యాలయాలు కలిసి సిడిఐఓ అని మొదలుపెట్టాయి. ఊహించడం, డిజైన్ చేయడం, తయారుచేయడం, నడపడం, ఈ నాలుగింటి చుట్టూ చదువుని అల్లాలన్నది వాళ్ల ఆలోచన. నా మటుకు నాకు ఇది సరైన దారి అనిపిస్తుంది, ఒక షరతు మీద. తయారుచేయడం మొదలుపెట్టగానే లెక్క వదిలేయకూడదు. లెక్క లేకుండా చేసిన మోడల్ పనిచేసినా ఎందుకు పనిచేసిందో చెప్పలేం, రేపు రెట్టింపు సైజులో కట్టమంటే దిక్కు తోచదు.

ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీలను ఇంకొకరు గుర్తించడానికి 1989లో ఆరు దేశాల సంస్థలు కుదుర్చుకున్న వాషింగ్టన్ అకార్డ్ అనే ఒప్పందం కింద, డిగ్రీ పూర్తయినవాళ్లకి ఉండాల్సిన లక్షణాల జాబితా ఒకటి ఉంది. చాలా దేశాల్లో కాలేజీల గుర్తింపు దాన్నిబట్టే నడుస్తోంది. శాస్త్ర జ్ఞానం, సమస్య విశ్లేషణ, డిజైన్, పరిశోధన, ఆధునిక సాధనాల వాడకం మొదట్లో వస్తాయి. సమాజం, పర్యావరణం పట్ల బాధ్యత, నైతికత, జట్టుపని, రాత, ప్రాజెక్టు నిర్వహణ, జీవితాంతం నేర్చుకోగల శక్తి ఆ తర్వాత వస్తాయి. ఆ జాబితాతో నాకు పేచీ లేదు. ఒక్కో అంశానికీ ఒక్కో పేపరు పెట్టి టిక్కు కొట్టుకుపోవడంతోనే పేచీ. ఒక మంచి డిజైన్ పనిని ఏడాది పాటు చేయిస్తే వీటిలో చాలామటుకు వాటంతటవే వచ్చి చేరతాయి. మీ కాలేజీ అలా చేయించకపోతే మీకు మీరే చేసుకోవాల్సి ఉంటుంది, కష్టమే గానీ కుదురుతుంది.

ఎలా చదవాలో కూడా ఒక్క మాట. సైన్సు, ఇంజనీరింగ్, గణిత తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణ ఒకటి ఉంది. విద్యార్థులు క్లాసులోనే సమస్యలు చేస్తూ, చర్చిస్తూ నేర్చుకున్నచోట కంటే, లెక్చర్ మాత్రమే విన్నచోట ఫెయిలయ్యే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు ఉందని తేలింది. నోట్సు రెండోసారి చదవడానికి పెట్టే గంటని, పుస్తకం మూసి ఒక లెక్క చేయడానికి పెట్టండి. లెక్క మొదలుపెట్టే ముందు సమాధానం ఏ పరిధిలో రావాలో ఊహించి పక్కన రాయండి. పది న్యూటన్లా, పది వేల న్యూటన్లా? చేశాక పోల్చి చూసుకోండి. మొదట్లో ఊహ ఘోరంగా తప్పుతుంది. సెమిస్టర్ గడిచేసరికి ఆ ఊహే మీకు పెద్ద ఆస్తి అవుతుంది.

చివరిది, ఫైనలియర్ ప్రాజెక్టు. పేరు గొప్పగా వినిపించేది వద్దు, రెడీమేడ్‌గా దొరికేది అసలే వద్దు. కొలవడానికి వీలున్న చిన్న వస్తువుని ఎంచుకోండి. ఒక చిన్న హీట్ ఎక్స్ఛేంజర్, ఒక లోడు మోసే బ్రాకెట్, ఒక మోటారు కంట్రోలర్, మీ బ్రాంచిని బట్టి ఏదైనా సరే. కట్టకముందే అది ఎంత పనిచేస్తుందో లెక్కవేసి, తేదీతో సహా రాసి మీ గైడ్ సంతకం తీసుకోండి. తర్వాత కట్టండి, కొలవండి. లెక్కకీ కొలతకీ తేడా వస్తుంది, అది ఖాయం. మీ రిపోర్టులో సగం పేజీలు ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి కేటాయించండి. వదిలేసిన రాపిడి వల్లా, పరికరం పొరపాటు వల్లా, పదార్థం గుణాల అంకె పుస్తకంలోది వాడటం వల్లా? అనుమానించిన ఒక్కో కారణాన్నీ విడిగా పరీక్షించి చూడండి. అభ్యర్థుల్ని ఇంటర్వ్యూ చేసే రోజుల్లో నేను ప్రాజెక్టు పేరు అడిగి ఊరుకునేవాణ్ణి కాదు. "మీ లెక్క ఎంత, కొలత ఎంత, తేడా ఎందుకు?" అని అడిగేవాణ్ణి. దానికి జవాబు చెప్పగలిగినవాళ్లకి ఏ ప్యాకేజీలు వచ్చో అడగాల్సిన అవసరం పడలేదు. ఈ సెలవుల్లోనే రెండు మూడు ఆలోచనలు రాసుకుని, ఒక్కోదానికి ఏం కొలుస్తారో, ఏ పరికరంతో కొలుస్తారో పక్కన పెట్టి ఇక్కడే రాయండి. ఏది ఏడాదిలో పూర్తయ్యేలా ఉందో చూసి చెబుతాను.